పిల్లల వాక్–భాషా చికిత్స, కుటుంబ సహకారం: ఖరగ్‌పూర్ తాల్‌బగీచా తెలుగు నేపథ్యం

నిర్వచనం, పరిధి

పిల్లల్లో మాట పలకడం, భాష అర్థం చేసుకోవడం, వాక్యం కూర్చడం, మాట ధారాళత, గొంతు, నమలడం, మింగడం వంటి వాటిలో వచ్చే ఇబ్బందులను గుర్తించి, మదింపు చేసి, తగ్గించే వైద్యానుబంధ వృత్తి వాక్–భాషా చికిత్స. వాడుకలో దీన్ని స్పీచ్ థెరపీ అంటారు. వినికిడి పరీక్ష, వినికిడి యంత్రాల అమరిక శ్రవణశాస్త్రం కిందికి వస్తాయి. భారతదేశంలో ఈ రెండింటికీ కలిపి ఒకే పట్టా ఉంది.

ఈ వృత్తిలో వాక్కు వేరు, భాష వేరు. నోటితో ధ్వనులను సరిగా పలకడం వాక్కు. పదాలకు అర్థం తెలియడం, వాటిని వరుసలో పెట్టడం, ఎదుటివారి మాటను అందుకుని జవాబివ్వడం భాష. స్పష్టంగా పలికే పిల్లవాడికి బడిలో జరిగిన సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పడం రాకపోవచ్చు. అన్నీ అర్థమయ్యే పిల్ల మాట తల్లికి తప్ప ఇంకెవరికీ తెలియకపోవచ్చు. మొదటిది భాషా సమస్య, రెండోది వాక్ సమస్య. చికిత్స దారులు వేరు. నాలుక వ్యాయామాలే స్పీచ్ థెరపీ అనే అభిప్రాయం ప్రచారంలో ఉంది గాని, అవి ఈ పనిలో చాలా చిన్న భాగం.

తాల్‌బగీచా పశ్చిమ బెంగాల్‌లోని పశ్చిమ మేదినీపూర్ జిల్లా ఖరగ్‌పూర్ పట్టణంలో ఒక నివాస ప్రాంతం. ఈ వ్యాసం విషయాన్ని సాధారణంగా వివరిస్తూ, ఆంధ్రకు బయట నాలుగు భాషల నడుమ పెరిగే ఖరగ్‌పూర్ తెలుగు పిల్లల పరిస్థితికి ఎక్కువ చోటిస్తుంది.

ఖరగ్‌పూర్ తెలుగువారు: భాషా నేపథ్యం

ఖరగ్‌పూర్ బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పెంచిన ఊరు. 19వ శతాబ్దం చివర అక్కడ రైల్వే కూడలి, కర్మాగారం ఏర్పడ్డాయి. 1902లో వాల్తేరు నుంచి కటక్ దాకా ఉన్న తూర్పు తీర రైలుమార్గం కూడా ఆ కంపెనీ చేతికి వచ్చింది. దాంతో నేటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల కూలీలకు, ఫిట్టర్లకు, గ్యాంగ్‌మెన్‌కు ఖరగ్‌పూర్ ఒకే కంపెనీ రైలు మీద చేరుకోగల ఉద్యోగ స్థలమైంది. తర్వాత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి కార్మిక నాయకుడిగా ఎదిగింది ఈ రైల్వే సిబ్బంది మధ్యే. 1955 నుంచి ఖరగ్‌పూర్ ఆగ్నేయ రైల్వేలో భాగం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇచ్చేందుకు ఆమోదం తెలిపింది.

ఇక్కడి తెలుగు చాలావరకు ఉత్తరాంధ్ర తెలుగు. మూడు, నాలుగు తరాలుగా బెంగాల్‌లో ఉన్న కుటుంబాల్లో పిల్లవాడు ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, బజారులో, రైల్వే క్వార్టర్లలో హిందీ, బడిలో ఇంగ్లీషు వింటాడు. వాక్–భాషా మదింపులో చిక్కంతా ఈ వరుస దగ్గరే మొదలవుతుంది. (చూ. బహుభాషా పిల్లల మదింపు)

వృత్తి చరిత్ర

ఆధునిక వాక్‌చికిత్స 20వ శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఐరోపా, అమెరికాల్లో రూపుదిద్దుకుంది. అమెరికాలో వృత్తి సంఘం 1925లో, బ్రిటన్‌లో వాక్‌చికిత్సకుల కళాశాల 1945లో ఏర్పడ్డాయి. మొదట్లో నత్తి, ఉచ్చారణ దోషాలే ప్రధానం. పిల్లల భాషా వికాసం ఈ వృత్తికి కేంద్రంగా మారింది శతాబ్దం రెండో సగంలోనే.

భారతదేశంలో 1965లో మైసూరులో అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ మొదలైంది. 1983లో ముంబయిలో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ వచ్చింది. సంస్థకు పేరైన అలీ యావర్ జంగ్ హైదరాబాదువారు. మహారాష్ట్ర గవర్నరుగా ఉండగా 1976లో మరణించారు. ఆ సంస్థకు కోల్‌కతాలో, సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రాలున్నాయి. 1984లో సికింద్రాబాదు మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యుల జాతీయ సంస్థ ఏర్పడింది. ఇప్పుడది మేధోవైకల్యం గలవారి సాధికారతా సంస్థ. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టంతో ఈ వృత్తికి నమోదు తప్పనిసరైంది. అర్హత పట్టా ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేళ్ళు.

తెలుగు పిల్లల భాషపై శాస్త్రీయమైన పనికి ఉస్మానియా విశ్వవిద్యాలయ భాషాశాస్త్ర శాఖ ఒక ముఖ్య ఆధారం. తెలుగు పిల్లల ధ్వని వికాసాన్ని అధ్యయనం చేసిన దుగ్గిరాల వసంత ఆ శాఖలో ఆచార్యులుగా పనిచేశారు. బొమ్మలు చూపి మాట చెప్పించే తెలుగు ఉచ్చారణ పరీక్షలు 1980ల నుంచి పరిశోధనల ద్వారా రూపొందాయి. అయినా చాలా కేంద్రాల్లో ఇప్పటికీ ఇంగ్లీషు పిల్లల కోసం కట్టిన పట్టికలను అప్పటికప్పుడు నోటితో తెలుగులోకి మార్చి అడుగుతుంటారు. ఆ పద్ధతిలో వచ్చిన అంకెకు విలువ తక్కువ.

మాట వచ్చే క్రమం

రెండు, మూడు నెలలకు పాప ఉంగా కొడుతుంది. ఆరు, ఏడు నెలలకు బాబాబా, దాదాదా అని ఒకే అక్షరాన్ని మళ్ళీ మళ్ళీ పలుకుతుంది. ఏడాది అయ్యేసరికి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూస్తుంది, కావలసిన దానికేసి వేలు చూపిస్తుంది, ఒకటి రెండు మాటలు అంటుంది. రెండేళ్ళకు సుమారు 50 మాటలు, రెండేసి మాటల కలయిక ఉండాలని వైద్యులు చూస్తారు. నాలుగేళ్ళకు కొత్తవారికి కూడా మాట దాదాపు పూర్తిగా తెలియాలి.

ఏడాదికి అక్షరాల ఆట, సైగ లేకపోవడం, 16 నెలలకు ఒక్క మాటా రాకపోవడం, 24 నెలలకు సొంతంగా రెండు మాటలు కలపకపోవడం, ఏ వయసులోనైనా వచ్చిన మాట పోవడం – ఇవి ఆలస్యం చేయకుండా చూపించవలసిన గుర్తులు. చివరిది అన్నిటికన్నా తీవ్రమైనది.

ఈ పట్టికను తెలుగుకు వాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తెలుగు క్రియలో కర్త ఇమిడి ఉంటుంది. రెండేళ్ళ పిల్ల “తిన్నాను”, “రావద్దు” అంటే లెక్కకు ఒక్క మాటే గాని, అందులో చేసినవారెవరో, ఎప్పుడో, కాదనడమో ఇప్పటికే ఉంది. ఇంగ్లీషు లెక్కలో ఇదే రెండు, మూడు మాటల వాక్యం. మాటలు మాత్రమే లెక్కపెట్టే చికిత్సకుడు తెలుగు పిల్ల సామర్థ్యాన్ని తక్కువగా చూస్తాడు. అలాగే తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి కాబట్టి, ఇంగ్లీషు పిల్లల్లో సాధారణంగా వెతికే “చివరి హల్లు వదిలేయడం” ఇక్కడ పెద్దగా కనబడదు. తెలుగు పిల్లలకు ద్విత్వాలు తొందరగా వస్తాయి. అమ్మ, తాతయ్య, బువ్వ, అక్క అన్నీ మొదటి మాటల్లోనివే కదా. ర, శ, ష, సంయుక్తాక్షరాలు ఆలస్యంగా కుదురుతాయి. “చంద్రుడు” మూడేళ్ళ పిల్ల నోట “చందుడు” అయితే అది దోషం కాదు.

ప్రధాన రకాలు

ఉచ్చారణ, ధ్వని సమస్యలు. వాడుకలో ముద్దమాట, నంగిమాట అంటారు. ఒక ధ్వనికి బదులు మరొకటి రావడం ఇందులో ఎక్కువ. కంఠ్యమైన క బదులు త పలికే పిల్లకు కాకి “తాతి” అవుతుంది, అక్క కాస్తా అత్త అయిపోతుంది.

భాషా వికాస సమస్య. వినికిడి, తెలివి, నాడీ సంబంధమైన స్పష్టమైన కారణం కనబడకుండానే భాష వెనకబడటం. 2016–17లో నిపుణుల ఏకాభిప్రాయంతో దీనికి వికాసాత్మక భాషా రుగ్మత అనే పేరు స్థిరపడింది. ఇంగ్లీషు మాట్లాడే పిల్లల్లో జరిగిన అధ్యయనాల్లో ఇది సుమారు 7 శాతంలో కనబడింది. పిల్ల మాట్లాడుతూనే ఉంటుంది కాబట్టి ఇంట్లో ఎవరూ గమనించరు. బడిలో “చదువు ఎక్కట్లేదు” అన్న ఫిర్యాదుగా బయటపడుతుంది.

నత్తి. రెండు నుంచి ఐదేళ్ళ మధ్య మొదలవుతుంది. సుమారు 5 శాతం పిల్లల్లో ఎప్పుడో ఒకప్పుడు కనిపించి, ఎక్కువమందిలో తగ్గిపోతుంది. కుటుంబంలో నత్తి ఉంటే, మగపిల్లవాడైతే, నెలల తరబడి కొనసాగితే నిలిచిపోయే అవకాశం ఎక్కువ.

వినికిడి లోపం. పుట్టుకతో వచ్చే శాశ్వత వినికిడి లోపం వెయ్యిమందిలో ఒకరి నుంచి ముగ్గురిదాకా ఉంటుంది. తెలుగు నాట ఎక్కువగా ఉన్న మేనరికపు పెళ్ళిళ్ళు జన్యుపరమైన చెవుడుకు అవకాశం పెంచుతాయి. అలాంటి కుటుంబంలో పుట్టిన బిడ్డకు మొదటి నెలలోనే వినికిడి పరీక్ష చేయించడం మంచిది. చెవిలో చీము, నీరు పదేపదే రావడం వల్ల వచ్చే తాత్కాలిక లోపం కూడా మాటను వెనక్కి లాగుతుంది.

ఇవి కాక ఆటిజంలో సంభాషణ లోపాలు, మస్తిష్క పక్షవాతంలో కండరాల పట్టు వల్ల వచ్చే మాట తడబాటు, గ్రహణం మొర్రి, అంగిలి చీలికల వల్ల ముక్కుతో మాట్లాడటం, అరుపుల వల్ల గొంతు బొంగురుపోవడం కూడా ఈ వృత్తి పరిధిలోనివే.

మదింపు

మొదటి మెట్టు వినికిడి పరీక్ష. మాట రాని ప్రతి పిల్లకూ, “చప్పుడు చేస్తే చూస్తుంది” అని తల్లి చెప్పినా సరే, ఈ పరీక్ష తప్పదు. గిన్నె చప్పుడుకు తిరిగి చూసే పిల్లకు స, త, ప వంటి సన్నని ధ్వనులు వినబడకపోవచ్చు. చెవి లోపలి స్పందనను కొలిచే ఓఏఈ, నిద్రలో మెదడు కాండపు ప్రతిస్పందన తీసే బెరా పరీక్షలు శిశువులకు కూడా చేయవచ్చు.

తర్వాత పుట్టుక వివరాలు, జ్వరాలు, కామెర్లు, మూర్ఛలు, కుటుంబ చరిత్ర అడుగుతారు. నోరు, అంగిలి, నాలుక కదలిక చూస్తారు. పిల్లను ఆడుకోనిచ్చి గమనిస్తారు. బొమ్మను చూపి తల్లివైపు తిరిగి చూస్తుందా, కావాలంటే చెయ్యి పట్టుకు లాగుతుందా, వేలు చూపిస్తుందా అన్నవి మాటకన్నా ముందు చూసే విషయాలు. చివరగా సహజంగా మాట్లాడిన కొన్ని నిమిషాల మాటను రాసుకుని విశ్లేషిస్తారు.

బహుభాషా పిల్లల మదింపు

ఖరగ్‌పూర్ వంటి ఊళ్ళలో అన్నిటికన్నా తరచుగా వచ్చే ప్రశ్న ఇదే: నాలుగు భాషలు వినడం వల్లే మాట ఆలస్యమైందా? ఇప్పటివరకు జరిగిన పరిశోధన దీన్ని సమర్థించదు. ఎక్కువ భాషలు వినడం భాషా రుగ్మతకు కారణం కాదు. భాషా రుగ్మత ఉన్న పిల్లలు కూడా తమ సామర్థ్యం మేరకు రెండు భాషలు నేర్చుకుంటారు. రెండు భాషల పిల్ల ఒక్కో భాషలో తక్కువ మాటలు చెప్పవచ్చు గాని, అన్నీ కలిపి చూస్తే లెక్క సరిపోతుంది. అందువల్ల “నీళ్ళు”, “జల్”, “పానీ”, “వాటర్” అన్న నాలుగింటినీ పిల్ల నోటి మాటలుగా కలిపి లెక్కించాలి. ఒకే వాక్యంలో భాషలు కలపడం కూడా రోగలక్షణం కాదు. చుట్టూ ఉన్న పెద్దలు అలాగే మాట్లాడతారు.

అసలు తేడా తెలుసుకోవడానికి ఒక సూత్రం ఉంది. నిజమైన భాషా రుగ్మత పిల్ల మాట్లాడే అన్ని భాషల్లోనూ కనబడుతుంది. బెంగాలీలో మాత్రమే వెనకబడి తెలుగులో వయసుకు తగ్గట్టు మాట్లాడే పిల్లకు రుగ్మత లేదు, బెంగాలీ పరిచయం చాలలేదు అంతే. దీన్ని తేల్చాలంటే పరీక్ష ఇంటి భాషలో కూడా జరగాలి. బెంగాల్‌లో తెలుగు తెలిసిన చికిత్సకులు అరుదు. ఆ లోటును శిక్షణ పొందిన దుభాషి, లేదా ప్రశ్నలు ముందే వివరించి సిద్ధం చేసిన కుటుంబ సభ్యుడు కొంత తీర్చగలడు. తల్లి దుభాషిగా ఉన్నప్పుడు ఒక ఇబ్బంది వస్తుంది. పిల్ల తడబడితే తనే జవాబు అందిస్తుంది.

రెండో చిక్కు మాండలికం. ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన ఇళ్ళలో “చెప్పు” అన్నది “సెప్పు”, “పెళ్ళి” అన్నది “పెల్లి”, “వెళ్ళిపోయాడు” అన్నది “ఎల్లిపోనాడు”, “ఏమిటి” అన్నది “ఏటి”. హైదరాబాదులోనో మైసూరులోనో చదువుకుని, పుస్తకపు తెలుగుతో తయారైన బొమ్మల పరీక్షను పెట్టే చికిత్సకుడు వీటిలో ళ లేదని, చ బదులు స వచ్చిందని తప్పులు వేస్తే, ఆ తప్పు పిల్లది కాదు. పిల్ల మాటను పోల్చవలసింది నాయనమ్మ మాటతో. ఆమె నోట లేని ధ్వనిని పిల్ల నోట వెతకకూడదు.

మూడోది చుట్టుపక్కల భాష ప్రభావం. బెంగాలీలో హ్రస్వ దీర్ఘాల తేడా అర్థాన్ని మార్చదు. తెలుగులో “పడు”, “పాడు” వేర్వేరు పనులు. ప్రామాణిక బెంగాలీలో శ, ష, స రాతలో మూడైనా పలుకులో చాలావరకు ఒక్కటే. తెలుగు, బెంగాలీ రెండూ ఎరిగిన పిల్ల మాటలో ఇటువంటి కలగలుపు వినబడినప్పుడు, అది రెండు భాషల మధ్య సహజమైన ప్రభావమా, ధ్వని సమస్యా అని విడదీయాలి.

“ఇంట్లో తెలుగు మానేసి ఒక్క ఇంగ్లీషే మాట్లాడండి” అన్న సలహా ఇప్పటికీ వినబడుతుంది. దీనికి ఆధారం లేదు. నష్టం మాత్రం స్పష్టం: సరిగ్గా రాని భాషలో మాట్లాడే తల్లి పిల్లతో తక్కువ మాట్లాడుతుంది, ఇంట్లో పెద్దవాళ్ళు పూర్తిగా మౌనమైపోతారు. పిల్లకు ఎక్కువ భాష వినిపించాలన్న చికిత్స లక్ష్యమే ఇలా దెబ్బతింటుంది.

చికిత్స తీరు

ఒక్కో సమావేశం సాధారణంగా 30 నుంచి 45 నిమిషాలు. వారానికి ఒకటి రెండుసార్లు. లక్ష్యాలు చిన్నవిగా, కొలవదగినవిగా పెట్టుకుంటారు. “బాగా మాట్లాడాలి” అన్నది లక్ష్యం కాదు. “అన్నం తినేటప్పుడు కావలసింది రెండు మాటల్లో అడగాలి” అన్నది లక్ష్యం.

ధ్వని చికిత్స ఎలా సాగుతుందో చూడటానికి పైన చెప్పిన అక్క–అత్త జంట సరిపోతుంది. క బదులు త పలికే నాలుగేళ్ళ పిల్ల ముందు రెండు ఫోటోలు పెడతారు: ఒకటి అక్కది, ఒకటి అత్తది. మొదట పిల్ల మాట్లాడదు, చికిత్సకురాలు చెప్పినప్పుడు సరైన ఫోటో తీస్తుంది. వినికిడిలో తేడా పట్టుకుందని తేలాక పాత్రలు తారుమారవుతాయి. పిల్ల చెప్పాలి, చికిత్సకురాలు తీయాలి. పిల్ల మనసులో అక్కను తలుచుకుని “అత్త” అంటుంది. చికిత్సకురాలు అత్త ఫోటోనే చేతికిస్తుంది. పిల్ల తల అడ్డంగా ఊపుతుంది. ఒక్క ధ్వని మారితే అర్థం మారుతుందన్నది ఎవరూ వివరించకుండానే ఆమెకు తెలిసివచ్చే క్షణం అది. తర్వాత అద్దం ముందు కూర్చోబెట్టి, నోరు తెరిచి, నాలుక కొనను కింది పళ్ళ వెనక ఆపి, నాలుక మొదలు పైకి లేపడం చూపిస్తారు. పుక్కిలించే ఆట ఆడిస్తారు. ఒంటరి క నుంచి కా, కీ, కూ, అక్కడి నుంచి కాకి, కోడి, కుక్క, ఆపైన వాక్యాలు.

మాట ఆలస్యమైన రెండేళ్ళ పిల్లల విషయంలో పద్ధతి వేరు. అక్కడ నేరుగా మాట చెప్పించరు. “అమ్మ అను, అమ్మ అను” అని ఒత్తిడి చేస్తే ఎక్కువమంది పిల్లలు నోరు మూసేస్తారు. పిల్ల చూస్తున్న దాని గురించి పెద్దవాళ్ళు మాట్లాడటం, అడగడం తగ్గించి చెప్పడం పెంచడం, పిల్ల అన్న ఒక్క మాటను కొద్దిగా పెంచి తిరిగి చెప్పడం నేర్పుతారు. పిల్ల “బువ్వ” అంటే “వేడి బువ్వ. బువ్వ తిందాం” అంటారు. అన్నిటికన్నా కష్టమైన పని ఆగడం. బంతిని చేతిలో పట్టుకుని, పిల్ల కళ్ళల్లోకి చూస్తూ, ఏమీ మాట్లాడకుండా కొన్ని క్షణాలు ఉండాలి. పెద్దవాళ్ళు సాధారణంగా రెండో క్షణంలోనే “బంతి కావాలా?” అనేస్తారు. పిల్లకు అవకాశం పోతుంది.

చిన్నపిల్లల నత్తికి ఆస్ట్రేలియాలో రూపొందిన లిడ్‌కమ్ విధానం తల్లిదండ్రుల చేతుల మీదుగానే నడుస్తుంది. తడబాటు లేని మాటను ఇంట్లో మెచ్చుకోవడం అందులో ప్రధానం. మాట ఎప్పటికీ పూర్తిగా రాని పిల్లలకు బొమ్మల కార్డులు, సైగలు, చెన్నైలో రూపొందిన ఆవాజ్ వంటి ట్యాబ్లెట్ సాధనాలు ఉన్నాయి. వీటిని వాడితే నోటి మాట రాదన్న భయం నిరాధారం. చాలామందిలో మాటకు ఇవి ఊతమవుతాయి.

తీవ్రమైన చెవుడుకు చెవి లోపల యంత్రాన్ని అమర్చే కాక్లియర్ ఇంప్లాంట్ శస్త్రచికిత్స విషయంలో చికిత్స ఆపరేషన్‌తో ముగియదు, అక్కడ మొదలవుతుంది. కనీసం ఏడాది శ్రవణ–వాక్ శిక్షణ లేకపోతే యంత్రం పనిచేస్తున్నా మాట రాదు.

కుటుంబం

వారానికి 45 నిమిషాలు చికిత్సకుడి దగ్గర, మిగిలిన కాలమంతా ఇంట్లో. అందుకే ఆధునిక చికిత్సలో సగం పని పెద్దవాళ్ళకు నేర్పడం. కెనడాలో 1970ల్లో మొదలైన హానెన్ కేంద్రం తల్లిదండ్రుల శిక్షణనే చికిత్సగా మలిచింది. ఆ ఆలోచన ఇప్పుడు చాలా దేశాల్లో సాధారణమైంది. తెలుగు ఇంట్లో దీన్ని అమలు చేయడానికి కొత్త ఆటలు అక్కర్లేదు. స్నానం పోయడం, అన్నం కలపడం, చెమ్మచెక్క, దాగుడుమూతలు, చందమామను చూపిస్తూ ముద్దలు పెట్టడం – అన్నిట్లోనూ వంతులవారీ సంభాషణ ముందే ఉంది.

రైల్వే ఇళ్ళలో రాత్రి డ్యూటీలు, రన్నింగ్ సిబ్బందికి రోజుల తరబడి ఊరి బయట పనులు మామూలు. ఇంటి అభ్యాసం భారం తల్లి మీద పడుతుంది. పిల్లకు మాట రాకపోవడానికి నింద కూడా ఆమె మీదే. “నువ్వు పిల్లతో మాట్లాడవు” అనేది ఎక్కువ ఇళ్ళలో మొదట వినిపించే మాట. భాషా వికాస సమస్య, ఆటిజం, పుట్టు చెవుడు తల్లి పెంపకం వల్ల వచ్చేవి కావు. ఈ సంగతిని చికిత్సకులు అత్తమామలు, భర్త ఉన్నప్పుడే చెప్పడం మేలు. తెరల విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. రెండేళ్ళ లోపు పిల్లలకు ఫోను, టీవీ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ళవారికి రోజుకు గంట మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది.

ఇంటివైద్యం, నమ్మకాలు

బాగా మాట్లాడే పిల్లను వసపిట్ట అనడం తెలుగులో మామూలు. ఆ మాట వెనక, వసకొమ్ము అరగదీసి పసిబిడ్డ నాలుకకు రాసే ఆచారం ఉంది. వస వల్ల మాట వస్తుందనడానికి ఆధారం లేదు. వసలో ఉండే బీటా అసరోన్ హానికరమైన పదార్థం. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1968లోనే వసను ఆహారంలో కలపకుండా నిషేధించింది. శిశువులకు వాంతులయ్యే ప్రమాదం ఉన్నందున శిశువైద్యులు దీన్ని వారిస్తారు.

నాలుక కింద పొర ఉందని కోయించడం మరో అలవాటు. పొర మరీ బిగుతుగా ఉంటే పాలు తాగడంలో, కొన్ని ధ్వనుల్లో ఇబ్బంది రావచ్చు గాని, అది మాట ఆలస్యానికి కారణం కాదు. “మగపిల్లలకు మాట ఆలస్యమే, మేనమామకు కూడా నాలుగేళ్ళకు వచ్చింది” అన్న మాటలో కొంత నిజముంది. మగపిల్లలు సగటున కాస్త వెనక ఉంటారు, కుటుంబ లక్షణమూ ఉంటుంది. ఐతే మేనమామకు ఆలస్యమవడం ఎదురుచూడటానికి కాదు, తొందరగా పరీక్ష చేయించడానికి కారణం.

సేవలు

తాల్‌బగీచా కుటుంబానికి దగ్గర్లో ఖరగ్‌పూర్ రైల్వే ఆసుపత్రి, మేదినీపూర్ పట్టణంలోని వైద్యకళాశాల ఆసుపత్రి ఉన్నాయి. ప్రత్యేక సేవలకు కోల్‌కతా వెళ్ళాలి, రైలులో సుమారు 115 కిలోమీటర్లు. అక్కడి బొన్‌హుగ్లీలో అలీ యావర్ జంగ్ సంస్థ ప్రాంతీయ కేంద్రం, మేధోవైకల్య సంస్థ కేంద్రం రెండూ ఉన్నాయి. తెలుగులోనే చికిత్స కావాలంటే విశాఖపట్నం, సికింద్రాబాదు దిక్కు. విశాఖ 750 కిలోమీటర్లకు పైనే. వారం వారం అంత దూరం ఎవరూ వెళ్ళలేరు. 2020 తర్వాత వీడియో ద్వారా చికిత్స విస్తరించడంతో ఈ దూరానికి కొంత పరిష్కారం దొరికింది. మదింపు ఒకసారి ముఖాముఖి చేయించుకుని, ఇంటి అభ్యాసాన్ని తెలుగు చికిత్సకులతో తెర మీద కొనసాగించడం ఆచరణలో కుదిరే దారి. తెర ముందు కూర్చోవలసింది ఎక్కువగా తల్లిదండ్రులే. రెండేళ్ళ పిల్లను వీడియో ముందు కట్టిపడేయడం పని జరిగే పద్ధతి కాదు.

2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ వరకు పిల్లలను పరీక్షించే పథకం. అంగన్‌వాడీలు, సర్కారీ బడులకు వచ్చే సంచార బృందాలు చూసే 30 సమస్యల్లో వినికిడి లోపం, భాషా ఆలస్యం ఉన్నాయి. అక్కడ గుర్తించిన పిల్లలను జిల్లా ముందస్తు జోక్య కేంద్రానికి పంపుతారు. ప్రైవేటు ఇంగ్లీషు బడులకు వెళ్ళే పిల్లలు ఈ వలకు చిక్కకుండా పోతారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మండలస్థాయి భవిత కేంద్రాలు ప్రత్యేక అవసరాల పిల్లలకు సేవలందిస్తాయి.

ఇంప్లాంట్ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2007లో తెచ్చిన ఆరోగ్యశ్రీ దేశంలో ముందు నడిచిన పథకాల్లో ఒకటి. శస్త్రచికిత్సతో పాటు తర్వాతి శిక్షణను కూడా అందులో చేర్చారు. అది ఆ రాష్ట్ర కార్డుదారులకే పరిమితమైంది. ఖరగ్‌పూర్‌వాసులకు రైల్వే వైద్య సౌకర్యం, పశ్చిమ బెంగాల్ స్వాస్థ్య సాథి, లేదా పుట్టుకతో వినికిడి లేని ఐదేళ్ళలోపు పిల్లలకు ఇంప్లాంట్‌కు ఆర్థిక సాయం ఇచ్చే కేంద్ర ప్రభుత్వ అడిప్ పథకం దారులు.

చట్టం, రాయితీలు

2011 జనగణన దేశంలో మాట వైకల్యం ఉన్నవారు సుమారు 20 లక్షలని, వినికిడి వైకల్యం ఉన్నవారు 50 లక్షలకు పైనని లెక్కించింది. మాట ఆలస్యమైన పిల్లలు ఈ లెక్కలో ఎంతమంది చేరారన్నది వేరే సంగతి. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను గుర్తించింది. వాటిలో వాక్–భాషా వైకల్యం ఒకటి. దాని నిర్వచనం మాత్రం ఇరుకు: గొంతు పెట్టె తొలగింపు, అఫేషియా (మెదడు దెబ్బతిని భాష పోవడం) వంటి శారీరక, నాడీ కారణాల వల్ల వచ్చిన శాశ్వత వైకల్యం. నాడీ కారణం కనబడని వికాసాత్మక భాషా రుగ్మత ఈ నిర్వచనంలో ఇమడదు. అలాంటి పిల్లల తల్లిదండ్రులు ధ్రువపత్రం కోసం తిరిగి ఉత్త చేతులతో రావడానికి ఇదే కారణం. ఆటిజం, మేధోవైకల్యం, వినికిడి లోపం, నిర్దిష్ట అభ్యసన వైకల్యం ఉన్న పిల్లలకు విడి వర్గాలున్నాయి కాబట్టి వారికి దారి తేలిక. ఆటిజం, మస్తిష్క పక్షవాతం, మేధోవైకల్యం, బహుళ వైకల్యాలున్నవారికి జాతీయ ట్రస్టు నిరామయ బీమా లక్ష రూపాయల వరకు వర్తిస్తుంది. దాని కింద చికిత్సా సమావేశాల ఖర్చు కూడా రాబట్టుకోవచ్చు.

రైల్వేతో సహా కేంద్ర ఉద్యోగుల వైకల్యం గల పిల్లలకు విద్యా భత్యం మామూలు రేటుకు రెట్టింపు. పూర్తిగా వినికిడి, మాట రెండూ లేనివారికి, తోడు వెళ్ళేవారికి స్లీపర్ తరగతి రైలు టిక్కెట్టులో 50 శాతం రాయితీ ఉంది. వైకల్యం గల బిడ్డను చూసుకునే ఉద్యోగిని మామూలు బదిలీల నుంచి, పరిపాలనా వీలును బట్టి, మినహాయించవచ్చని కేంద్ర సిబ్బంది శాఖ 2014లో ఉత్తర్వు ఇచ్చింది. 2018లో దాన్ని కొత్త చట్టంలోని వర్గాలకు విస్తరించింది. ఈ సౌకర్యాలు అడగాలంటే వైకల్య ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రానికి, దేశమంతటా చెల్లే యూడీఐడీ కార్డుకు ఒకే దరఖాస్తు ఆన్‌లైన్‌లో చేయవచ్చు.